పసుపు గీతల మీద రెండు నిమిషాలు

బ్రాక్‌డెన్, లాంకషైర్
నవంబర్ 18

లినెట్‌కు,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ నీ ఫోను పక్కనున్న పెట్టే మాట్లాడింది, మీ మాట రికార్డు చేయండి అని. మీ క్లైవ్ అన్నయ్య పోయాడని కూడా ఆ పెట్టెతోనే చెప్పుకోవలసి వచ్చింది. ఇంక దానితో మాట్లాడే ఓపిక నాకు లేదు కాబట్టి కాగితం తీశాను.

అంత్యక్రియలు పన్నెండో తారీకున సజావుగా జరిగాయి. జనం బాగానే వచ్చారు. బేకరీలో క్లైవ్‌తో పనిచేసిన ముసలివాళ్లు నలుగురు వచ్చి, హామ్ శాండ్‌విచ్‌లు ఒక్కటి కూడా మిగలకుండా తిని, రొట్టె మాత్రం మన కాలం రొట్టె కాదని పెదవి విరిచి వెళ్లారు. అందరూ నీ గురించే అడిగారు. తుఫాను వల్ల ఆ దీవి నుంచి ఓడ కదల్లేదట అని నీ తరఫున నేనే చెప్పాను. పూలతో వచ్చిన కార్డు మీద నువ్వు రాయించింది అదే కదా.

ఇక పని మాట. అంత్యక్రియలైన రెండో రోజున కౌన్సిల్ నుంచి ఒక జరిమానా నోటీసు వచ్చింది. కారు నా పేరు మీద ఉంది కనుక నోటీసూ నా పేరు మీదే ఉంది. అక్టోబర్ 23, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పదకొండు నిమిషాలకు, మూర్ లేన్ బడి గేటు ముందున్న వంకరటింకర పసుపు గీతల మీద కారు ఆగిందట. నడిపింది క్లైవే. అప్పటికి ఆయనకు ఇంకా తొమ్మిది రోజులు మిగిలి ఉన్నాయి. ఆ వారం బడికి శరదృతువు సెలవులు, రోడ్డు మీద పిల్ల పురుగు లేదు. అయినా ఆ గీతలకు సెలవులు ఉండవని నోటీసులో రాశారు.

నోటీసు నంబరూ కారు నంబరూ కొడితే కెమెరా తీసిన కదిలే బొమ్మ మొత్తం కౌన్సిల్ వాళ్ల సైటులో కనబడుతుంది. ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. చూశాను. ఆగాడు, దిగాడు, ఎక్కాడు, వెళ్లాడు. ఆగలేదు అనడానికి లేదు.

నువ్వు ఇరవై రెండేళ్లు ఒక కౌన్సిల్ ఆఫీసులో కూర్చుని ఇలాంటి అప్పీళ్లకే జవాబులు రాశావు. ఏం రాయాలో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాకు సాయం చెయ్యి. పదకొండేళ్లుగా మీ అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు గానీ నాకూ నీకూ తగాదా ఏమీ లేదుగా.

డోరీన్


స్ట్రామ్‌నెస్, ఆర్క్నీ
నవంబర్ 27

డోరీన్ వదినకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి, తడిసి చేరింది. అక్షరాలు మాత్రం చెదరలేదు. ఫోన్ విషయం మనసులో పెట్టుకోకు. ఈమధ్య అది మోగితే లేచి దాని దగ్గరికి వెళ్లబుద్ధి కావడం లేదు.

వదినా, గీతలు అరిగిపోయాయనో, బోర్డు కొమ్మల చాటున ఉందనో రాయకు. నా బల్ల మీద అలాంటివి గుట్టలు పడేవి, అన్నింటికీ ఒకే తిరస్కారం అచ్చువేసి ఉంచుకునేవాళ్లం. ఒకాయన చిలక తప్పించుకుపోతే దాని వెనక పడ్డానన్నాడు. ఒకావిడ పెళ్లి కేకు మూడో అంతస్తు జారిపోతోందని రాసి ఫోటో కూడా జతచేసింది. ఆ ఫోటో చూసి మా పై అధికారి నవ్వు ఆపుకోలేక రద్దు చేశాడు. కానీ బడి ముందు గీతల దగ్గర ఆయన కూడా నవ్వేవాడు కాదు. అక్కడ రెండు నిమిషాలు కాదు, రెండు సెకన్లు ఆగినా తప్పే. పిల్లల్ని దించడానికి లేదు, ఎక్కించుకోవడానికీ లేదు.

అందుకని వాదన పెట్టుకోకు. మూడు వాక్యాలు రాయి. నడిపినది నా భర్త. ఆయన నవంబర్ ఒకటిన మెదడులో నరం చిట్లి పోయారు. మరణపత్రం నకలు జతచేస్తున్నాను. అంతే. ఎంత రాతిగుండె గుమస్తా అయినా ఆ పూటే రద్దు చేస్తాడు. నేను అలాంటివి కనీసం రెండు వందలు రద్దు చేసి ఉంటాను, ఒక్కదానికి కూడా పై అధికారి సంతకం అడగలేదు.

ఒక్క మాట అడుగుతాను. అన్నయ్య ఆ బడి వైపు ఎందుకు వెళ్లాడు? మీ ఇంటికి అది దారి కూడా కాదే. దిగి ఏం చేశాడు?

లినెట్


బ్రాక్‌డెన్
డిసెంబర్ 9

లినెట్‌కు,

నువ్వు చెప్పినట్టు రాయలేదు. గీతలు అరిగిపోయాయని, వాటి మీద ఆకులు పడి ఉన్నాయని రాసి పంపాను. నా భర్త చాలా జాగ్రత్తగా నడుపుతాడు అని కూడా రాశాను. నడుపుతాడు అనే రాశాను, లినెట్. నువ్వు తిడతావని తెలుసు.

చావు నమోదు చేయించినప్పుడు ఆఫీసులో ఒక నంబరు చేతిలో పెడతారు, నీకు తెలుసుగా. దానికి ఒక్కసారి చెబితే చాలు, పెన్షను, పాస్‌పోర్టు, లైసెన్సు, ఓటు, లైబ్రరీ కార్డు అన్నీ వాటంతటవే మూసుకుపోతాయి. ఎంత సుఖమో అని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, పావుగంటలో అయిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ఉత్తరాలు వచ్చాయి, ప్రతి దాంట్లోనూ మీ విచారంలో పాలుపంచుకుంటున్నాము అని ఒకే వాక్యం. చివరికి పళ్ల డాక్టరు కూడా ఆయన పేరు కొట్టేశానని రాశాడు. ఆ ఉత్తరం పట్టుకుని నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

కారు నా పేరు మీద ఉండడం వల్ల ఆ కబురు ఈ జరిమానా విభాగానికి అందలేదు. వాళ్లు మాత్రమే ఇంకా వాహనం నడిపిన వ్యక్తి అని, ఆ వ్యక్తి కారణం చెప్పాలని రాస్తున్నారు. ఇంత పెద్ద దేశంలో ఆయన్ని ఇంకా నిలదీస్తున్న ఆఫీసు అదొక్కటే. నేను మూడు వాక్యాలు రాస్తే అదీ మూసుకుపోతుంది. నా చేయి ఆడలేదు.

దిగి ఏం చేశాడని అడిగావు. మొదటి ఉత్తరంలో నేను అంతా చెప్పలేదు. కారు ఆగాక కొంతసేపు ఊరికే కూర్చున్నాడు, చెవి పోటు వచ్చినట్టు చేయి చెవికి ఆనించుకుని. తర్వాత గేటు వైపు చూసి, చెయ్యి ఊపి, గబగబా దిగాడు. ఆ మోకాళ్లతో అంత గబగబా దిగడం నేను చూసి చాలా కాలమైంది. కారు చుట్టూ తిరిగి వచ్చి వెనక ఎడమ తలుపు తీశాడు. పక్కకు జరిగి నిలబడ్డాడు, ఎవరో ఎక్కుతుంటే దారి ఇచ్చినట్టు. తర్వాత లోపలికి వంగి ఏదో సర్దాడు. తలుపు మెల్లగా వేశాడు, వేళ్లు పడతాయేమోనని చూసి వేసినట్టు. వెళ్లిపోయాడు. అక్కడ ఎవరూ లేరు. ఇరవైసార్లు చూశాను, ఎవరూ లేరు.

ఇంకోటి ఉంది. నెలన్నరగా కారు తీసినప్పుడల్లా స్టీరింగు ముందు ఒక చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. అదేమిటో నాకు తెలియక పట్టించుకోలేదు. బొమ్మ చూశాక వెళ్లి వెనక తలుపు తీశాను. ఎడమ సీటుకు బెల్టు పెట్టి ఉంది, ఖాళీ సీటుకు. ఆ దీపం చెప్పేది దాని గురించే. నేను తీయలేదు. అలాగే మార్కెట్‌కు వెళ్తున్నాను, వస్తున్నాను. వంతెన దగ్గర మలుపులో చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది, పట్టుకోవడానికి. మాకు పిల్లలు లేరు, వెనక సీటులో ఎవరినైనా పట్టుకునే అలవాటు ఈ చేతికి ఎక్కడిది? నిన్న కూరగాయల సంచి వెనక సీటులో పెట్టబోయి, కుడివైపు పెట్టాను. అద్దంలో వెనక్కి చూడడం మానేశాను, ఇరుకు సందుల్లో కూడా.

ఎవరు లినెట్? నాకు తెలియని పిల్ల ఎవరైనా ఉందా? డెబ్బై నాలుగేళ్ల వయసులో ఇలా అడగడం నాకే సిగ్గుగా ఉంది. నీకు తెలిస్తే చెప్పు.

డోరీన్


స్ట్రామ్‌నెస్
డిసెంబర్ 17

వదినా,

అలాంటి పిల్ల ఎవరూ లేరు. ఆ అనుమానం మనసులోంచి తీసెయ్యి. అన్నయ్య నిన్ను తప్ప ఇంకెవరినీ కన్నెత్తి చూసిన మనిషి కాదు, ఆ మాట తగాదా పడ్డదాన్ని నేనే చెబుతున్నాను.

వెనక తలుపు సరిగ్గా పడలేదని మోత వచ్చి ఉంటుంది. దిగి చూసి వేసి ఉంటాడు. బెల్టు వేలాడుతూ ఉంటే పెట్టి ఉంటాడు. దానికి ఇంతగా ఆలోచించాలా? ముందు వెళ్లి ఆ బెల్టు తీసెయ్యి.

ఆ బొమ్మ పోతుందని బెంగ అయితే ఎవరిచేతనైనా నకలు తీయించి దాచుకో. కేసు ముగిశాక కొన్ని వారాలకు సైటు నుంచి చెరిపేస్తారు, నిజమే. నకలు తీయించుకుని మరణపత్రం పంపించు. నీ జవాబులో అబద్ధం లేదు గానీ నిజమూ లేదు. అలాంటి కాగితాలతో వ్యవహారం ముదిరితే మంచిది కాదు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. పొద్దు మూడింటికే పోతోంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

లినెట్


బ్రాక్‌డెన్
జనవరి 22

లినెట్‌కు,

కౌన్సిల్ నా అప్పీలు తోసిపుచ్చింది, నువ్వు చెప్పినట్టే. నేను ట్రిబ్యునల్‌కు వెళ్లాను. ఫిబ్రవరి ఇరవై ఆరున ఫోన్‌లో విచారణ.

నకలు తీయించాను. పక్కింటి నస్రీన్ ఐదు నిమిషాల్లో నా ఫోన్‌లో పెట్టేసింది. పెట్టి, "ఆంటీ, అంకుల్ ఎవరికి తలుపు తీస్తున్నారు?" అంది. నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. ఆ అమ్మాయి కూడా మళ్లీ అడగకుండా, సమోసాల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఫోన్‌లో ఉన్న బొమ్మను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పటికీ కౌన్సిల్ సైటులోకి వెళ్లి, నంబరు కొట్టి, అక్కడే చూస్తాను. నకలులో ఆయన పోయినవాడు. అక్కడ ఇంకా తప్పు చేసి దొరికినవాడు.

ఇప్పుడు చెప్పబోయేది కూర్చుని చదువు. ట్రిబ్యునల్ కాగితాల్లో వాహనం నడిపిన వ్యక్తి వాంగ్మూలం అని ఒక పేజీ ఉంది. అది నేను నింపాను. ఆయన మాటల్లో రాశాను. కళ్లు తిరిగాయి, అందుకే ఆగాను, వెనక సీటులో నీళ్ల సీసా కోసం వెతికాను అని. కింద ఆయన సంతకం చేశాను. నలభై తొమ్మిదేళ్లు పక్కన ఉండి చూసిన సంతకం, నా సంతకం కన్నా బాగా వచ్చింది. పంపేశాక గానీ చెమట పట్టలేదు.

నన్ను తిట్టే ముందు నీ సంగతి కూడా ఒకటి నా దగ్గర ఉందని తెలుసుకో. అంత్యక్రియల ముందు రోజు నీ ఓడ నడిచింది. నేను ఆ రోజే ఓడల ఆఫీసుకు ఫోన్ చేశాను, నీ కోసం అంత్యక్రియలు ఒక గంట వెనక్కి జరపవచ్చా అని కనుక్కోవడానికి. పొద్దున ఓడ సమయానికే బయలుదేరిందమ్మా, సముద్రం చాలా ప్రశాంతంగా ఉంది అన్నాడు అక్కడి మనిషి. ఆ మాట ఎవరికీ చెప్పకుండా, నీ తుఫాను కథే అందరికీ చెప్పాను.

నా సంగతి కూడా చెబుతాను. క్లైవ్ మనసు నిలకడగా ఉండేది కాదు. పోయే ముందు ఏడాదిగా అంతే. టీ కెటిల్ ఫ్రిజ్‌లో పెట్టేవాడు. పక్క వీధిలో దారి తప్పేవాడు. ఒకసారి నన్ను అమ్మా అని పిలిచి, గుర్తొచ్చి ఏడ్చాడు. జులైలో డాక్టరు ఈయన ఇక కారు నడపకూడదని ఉత్తరం ఇచ్చింది, లైసెన్సు వాళ్లకు పంపమని. ఆ ఉత్తరం తుడుపుగుడ్డల అరలో పెట్టాను. బేకరీ వ్యానుతో మొదలుపెట్టి యాభై ఏళ్లకు పైగా నడిపిన మనిషి చేతిలోంచి తాళాలు లాక్కోవడం నావల్ల కాలేదు. రోజూ రేపు చెబుతాననుకున్నాను. ఆ వారం బడికి సెలవులు కాబట్టి సరిపోయింది. సెలవులు కాకపోతే? మూడుంబావు వేళకు ఆ గేటులోంచి పిల్లలు పరుగెత్తుకు వస్తుంటే? ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు వాళ్లు కూడా కనబడతారు. అందుకని కళ్లు తిరిగాయని రాశాను. ఆయన మనసు ఎక్కడికో వెళ్లిందని రాస్తే, ఆ సంగతి తెలిసి తాళాలు ఎవరిచ్చారని అడుగుతారు.

నాకు రాత్రీ పగలూ ఒకటే ధ్యాస. ఆయన ఎవరికి తలుపు తీశాడు?

డోరీన్


స్ట్రామ్‌నెస్
ఫిబ్రవరి 1

వదినా,

నాకు.

ఆయన తలుపు తీసింది నాకు. నువ్వు డిసెంబరులో అడిగినప్పుడే నాకు తెలుసు. తెలిసి, మోత వచ్చి ఉంటుందని రాశాను. అప్పటి నుంచి ఆ అబద్ధం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అమ్మ ఫిబ్రవరి నెలలో పోయింది. నాకు ఆరేళ్లు. నాన్నకు మిల్లులో పగటి పని, సాయంత్రం ఆరు దాకా రాడు. అన్నయ్యకు అప్పుడే పదిహేడు నిండి బేకరీలో వ్యాను ఇచ్చారు. మధ్యాహ్నం రొట్టెలు పంచడం అయ్యాక, వ్యాను తిరిగి అప్పజెప్పే ముందు, మూర్ లేన్ బడికి వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు. ముందు సీటులో యజమాని కొడుకు కూర్చునేవాడు కాబట్టి నేను వెనక, ఖాళీ ట్రేల మధ్య. మలుపుల్లో దొర్లిపోకుండా నా నడుముకు తాడు చుట్టి ట్రేల చట్రానికి కట్టేవాడు. కట్టి, బిగుతుగా ఉందా అని అడిగేవాడు. నేను ఏదో ఒకటి చెప్పేదాకా తలుపు వేసేవాడు కాదు. ఇది నీకు చెప్పి ఉండడు. ఆ ఏడాది గురించి అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

అమ్మను పూడ్చిన మర్నాడు గంట ఆలస్యంగా వచ్చాడు. పిల్లలందరూ వెళ్లిపోయారు. బడి కాపలా ముసలాయన చేయి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మ లాగే ఇతనూ ఇక రాడనుకున్నాను. వ్యాను వచ్చాక నేను అతని చేయి కొరికాను. రక్తం వచ్చింది. తప్పు నాదే అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లలో ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

అలాంటి మనిషితో పదకొండేళ్లు మాట్లాడలేదు. నాన్న దహనం రోజున నువ్వు వంటింట్లో ఉన్నావు. "నిన్ను పెంచినందుకు ముసలాయన్ని చూడ్డానికి ఒక్కసారైనా రాలేకపోయావా" అన్నాడు. "పెంచమని నేను అడిగానా" అన్నాను. అంతే. ఇద్దరం ఆ మాట దగ్గరే ఆగిపోయాం.

ఇప్పుడు అసలు సంగతి. అక్టోబర్ 23న అతను చేయి చెవికి ఆనించుకున్నాడని రాశావు. చెవి పోటు కాదు, వదినా. చేతిలో ఫోను ఉంది. నాకు చేశాడు. నేను ఇంట్లోనే ఉన్నాను, నంబరు చూశాను, ఎత్తలేదు. పెట్టె తీసుకుంది. అది ఇప్పటికీ దాంట్లో ఉంది. ఆ పెట్టెలో ఇప్పుడు రెండే మాటలున్నాయి. మొదటిది అతనిది, రెండోది అతను పోయాడని నీది. మొదటిది చెరిగిపోతుందేమోనన్న భయంతో కొత్త మాటలేవీ దాంట్లో పడనివ్వడం లేదు. ఫోను తీగ పీకేశాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"లిన్నీ, నేనే. బయట ఉన్నా. ఇవాళ ఆలస్యమైంది, తప్పు నాదే. బేకరీలో వదల్లేదు. అందరూ వెళ్లిపోయినట్టున్నారే. నువ్వు గేటు దగ్గరే ఉండు, ఎవళ్లతోనూ వెళ్లకు. ఎక్కడున్నావే?"

ఇక్కడ కొంచెంసేపు ఏమీ లేదు. ఊపిరి వినబడుతుంది.

"ఆఁ, అదిగో. కనపడ్డావులే. పరిగెత్తకు, పడతావు. ఉండు, దిగుతున్నా."

తర్వాత తలుపు చప్పుడు. ఫోను కోటు జేబులో వేసుకుని ఉంటాడు, గుడ్డ రాసుకున్న చప్పుడు. ఇంకో తలుపు. అప్పుడు దూరంగా, "తాడు బిగుతుగా ఉందా?" అంటాడు. జవాబు వినడానికి ఎంతసేపు ఆగుతారో అంతసేపు ఆగుతాడు. "సరే అయితే," అంటాడు. తలుపు మెల్లగా పడుతుంది. పెట్టె అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇది విని నాకు ఒళ్లు మండింది. తాగి, నిన్ను ఇలా పెంచానని ఎత్తిపొడుస్తున్నాడు అనుకున్నాను. తిరిగి చేయలేదు. తొమ్మిది రోజులు చేయలేదు. పదో రోజున నీ మాట వచ్చి దాని కింద పడింది. అంత్యక్రియల ముందు రోజు పొద్దున సంచి సర్దుకుని రేవు దాకా వెళ్లాను. టికెట్టు చేతిలో ఉంది. నీ ఎదుట నిలబడితే, చివరిగా ఎప్పుడు మాట్లాడాడమ్మా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఓడ వెళ్లిపోయేదాకా బల్ల మీద కూర్చుని ఇంటికి వచ్చేశాను.

నాకు ఏది నిద్ర పట్టనివ్వడం లేదో తెలుసా? నేను బిగుతుగానే ఉందని చెప్పినట్టు అతనికి వినబడింది. నేను ఇక్కడ ఫోను వైపు చూస్తూ నోరు మూసుకుని నిలబడ్డాను, అక్కడ ఎవరో చెప్పారు.

వదినా, ఆ దొంగ సంతకం కాగితాన్ని విచారణ మొదలవగానే వెనక్కి తీసుకో. నిజం చెప్పు. ఈ ఉత్తరం కావాలంటే చదివి వినిపించు. తాళాల సంగతి అడిగితే, నంబరు చూసి కూడా చెల్లెలు ఫోను ఎత్తలేదని చెప్పు. ఎత్తి ఉంటే నాకు ఆ క్షణంలోనే అర్థమయ్యేది, నీకు కబురు పెట్టేదాన్ని, డాక్టరు చూసేది. ఆ తొమ్మిది రోజులూ నా మీద వేసుకుంటాను.

లినెట్


బ్రాక్‌డెన్
మార్చి 6

లినెట్‌కు,

నీ ఉత్తరం వచ్చిన రోజున ఫోన్‌లో ఉన్న నకలు మొదటిసారి తీశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, ఆయన చేయి చెవికి ఆనించిన దగ్గర నుంచి, నువ్వు రాసిన మాటలు పైకి చదివాను. కనపడ్డావులే అన్న చోట ఆయన చెయ్యి ఊపాడు. సరిగ్గా అక్కడే. అప్పటిదాకా ఉన్న భయం పోయింది. మర్నాడు కారు వెనక తలుపు తీసి బెల్టు విప్పాను.

విచారణ పొద్దున పదింటికి జరిగింది. ట్రిబ్యునల్ పెద్దాయనది జలుబు చేసిన గొంతు. కౌన్సిల్ తరఫున ఒక అమ్మాయి ఉంది.

"మిస్టర్ టాటర్సల్ లైన్లో ఉన్నారా?" అన్నాడు.

"లేరండీ. నవంబరు ఒకటిన పోయారు. ఆ వాంగ్మూలం రాసింది నేను, సంతకం పెట్టిందీ నేనే."

కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత ఆయన, "ఆ కాగితం పక్కన పెడుతున్నాను. ఎంత పెద్ద తప్పు చేశారో తెలుసా మీకు?" అన్నాడు. తెలుసన్నాను. "ఇంకెప్పుడూ చేయకండి," అని ముక్కు చీదుకున్నాడు.

అప్పుడు కౌన్సిల్ అమ్మాయి అందుకుంది. "అమ్మా, ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా? ఇప్పుడే రద్దు చేసేస్తాం. మీరు ఫోను పెట్టేయొచ్చు," అంది. నువ్వు చెప్పిన ఆ రెండు వందల రద్దుల్లో ఒకటి, నా చేతిలో పెట్టింది.

నేను వద్దన్నాను, లినెట్. రద్దు చేస్తే కాగితం మీద ఆ రోజు ఆ గేటు ముందు ఏమీ జరగనట్టే కదా. పోయాడని చెప్పేశాను, ఇక ఏ ఆఫీసులోనూ ఆయన లేడు. అలాంటప్పుడు ఆయన చివరిగా చేసిన పని ఏమిటో ఎవరైనా ఒకరు సరిగ్గా రాసి పెట్టాలి.

"రద్దు వద్దంటే నేను తీర్పు చెప్పాలి. చట్టం ప్రకారం మీరు ఓడిపోతారు," అన్నాడు పెద్దాయన.

"ఓడిపోతానని తెలుసండీ. ఆయన ఎందుకు ఆగాడో విని అప్పుడు ఓడించండి."

నీ ఉత్తరం మొత్తం చదివాను. డాక్టరు ఉత్తరం తుడుపుగుడ్డల అరలో పెట్టిన సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఏడుస్తోందని ఊపిరిని బట్టి తెలిసింది. పెద్దాయన నన్నేమీ అనలేదు. "వాహనం వెనక భాగంలోనే ఎక్కించుకునేవాడా?" అని మాత్రం అడిగి, రాసుకున్నాడు.

తీర్పు నిన్న వచ్చింది. నకలు జతచేస్తున్నాను, కానీ అసలు ముక్క ఇక్కడే రాస్తాను, నా చేత్తో.

"వాహనం నడిపిన క్లైవ్ టాటర్సల్, బడి నుంచి ఇంటికి తీసుకువెళ్లడం కోసం తన చెల్లెలిని ఎక్కించుకోవడానికి ఆగాడని నేను విశ్వసిస్తున్నాను. పిల్లలను ఎక్కించుకోవడానికైనా ఆ గీతల మీద ఆగే అనుమతి లేదు. అప్పీలు తోసిపుచ్చడమైనది."

పొద్దున్నే వెళ్లి కట్టేశాను. గల్లా దగ్గర కుర్రవాడికి ఏమీ తెలియదు, రసీదు ఇచ్చి ఇవాళ ఎండ బాగుందన్నాడు.

ఇంకొక్కటి ఉంది. నీకే కాదు, పెద్దాయనకూ చెప్పలేదు. ఆ బుధవారం క్లైవ్ మూడున్నరకు ఇంటికి వచ్చాడు. నేను టీకేకులు వేడి చేస్తున్నాను. వీధి తలుపు తీసి, తీసిన తలుపు పట్టుకుని గుమ్మంలో పక్కకు జరిగి నిలబడ్డాడు. చలిగాలి వంటింటి దాకా కొడుతోంది. "తలుపు వెయ్యి, ఇల్లంతా చల్లబడిపోతోంది," అని అరిచాను. "ఉండవే, అమ్మాయి ఇంకా లోపలికి రాలేదు," అన్నాడు. "ఏ అమ్మాయి? ఇక్కడ ఎవరున్నారు నీ మొహం," అని, నేనే వెళ్లి ఆయన చేతిలోంచి లాగి తలుపు మూసేశాను. గడియ కూడా పెట్టాను. ఆయన ఆ సాయంత్రమంతా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని బయటకు చూస్తూ కూర్చున్నాడు.

పేరు చెప్పలేదు. కానీ నువ్వేనని నాకు ఎక్కడో తోచింది. తోచిందని ఒప్పుకుంటే, పదకొండేళ్లు నిన్ను రానివ్వని ఇంట్లోకి రానివ్వాలి. నీ మీద ఆయనకు కోపం తగ్గి ఎన్నో ఏళ్లయింది. చెల్లెలికి ఉత్తరం రాయనా అని రెండుసార్లు నన్ను అడిగాడు. ముందు ఆవిడే రాయాలి అన్నది నేను.

ఆయన నిన్ను గుమ్మం దాకా తీసుకొచ్చాడు, లినెట్. మూసింది నేను.

శుక్రవారం ఓడ ఉంది, కనుక్కున్నాను. రా.

డోరీన్